ముడి సోలన్‌లో పడింది

నవంబరు వస్తే ఐర్లండ్‌లో పాత తగవు మళ్లీ రాజుకుంటుంది. బ్రిటిష్ యూనిఫాం వేసుకున్న ఐరిష్ వాళ్లలో ఎవర్ని తలుచుకోవాలి? 11న ప్రపంచయుద్ధ మృతుల కోసం ఎర్రపువ్వు పెట్టుకునేవాళ్లు ఒకవైపు, 2న జేమ్స్ డేలీని తలుచుకునేవాళ్లు మరోవైపు. డేలీ కూడా ఆ సైన్యంలో సిపాయే. ఈ తగవుకి ముడి పడింది మన హిమాచల్ కొండల్లో.

1920 జూన్ 28న జలంధర్ వెల్లింగ్టన్ బ్యారక్స్‌లో బ్రిటిష్ సైన్యంలోని ఐరిష్ రెజిమెంట్ కన్నాట్ రేంజర్స్ సిపాయిలు కొందరు గార్డ్‌రూంకి వెళ్లి, ఐర్లండ్‌లో బ్రిటిష్ బలగాలు చేస్తున్న ఆగడాలకు నిరసనగా డ్యూటీ చెయ్యం, లోపల వెయ్యండి అన్నారు. చూస్తుండగానే వాళ్లు వందలయ్యారు. బజారు గుడ్డతో ఐర్లండ్ మూడు రంగుల జెండా కుట్టి ఎగరేశారు. కమాండింగ్ అధికారి రెజిమెంట్ గెలిచిన యుద్ధాలు ఏకరువు పెడితే, అవన్నీ ఇంగ్లండ్ కోసం గెలిచినవేగా అని వరసలోంచి జవాబొచ్చిందట. వాళ్లలో ఒకడైన జో హాస్ తర్వాత చెప్పిన మాట ఇది.

ఎండకూ డ్రిల్లుకూ విసిగి చేసిన గొడవే అనేవాళ్లూ ఉన్నారు. జలంధర్‌లో జూన్ ఎండ మాట నిజమే. మరి సోలన్? సుమారు 5,000 అడుగుల ఎత్తున ఉన్న చల్లటి ఊరు. అక్కడున్న ఇదే రెజిమెంట్ కంపెనీ కూడా కబురు అందగానే లేచింది.

అక్కడే తప్పటడుగు పడింది. మతగురువు నచ్చజెబితే రైఫిళ్లు ఆయుధాగారంలో పెట్టేశారు. చేతిలో మిగిలినవి బాయ్‌నెట్లు. జులై 1 రాత్రి డేలీ ముందుండి, వాటితోనే ఆయుధాగారం మీదికి వెళ్లారు. కాపలా ఉన్నది అదే రెజిమెంట్ వాళ్లు. వాళ్ల కాల్పుల్లో స్మిత్, సియర్స్ అనే ఇద్దరు సిపాయిలు చనిపోయారు. సియర్స్ అసలు దాడిలోనే లేడంటారు.

ఆ రెండు చావులే డేలీకి ఉరితాడయ్యాయి. నిజానికి ఉరి కాదు, తుపాకీ గుండ్లు: నవంబరు 2, సోలన్ దగ్గరి దగ్షాయి జైలు. మరణశిక్ష పడ్డ మిగతావాళ్లందరికీ జైలుగా మార్చారు. ఒక్కణ్నీ చంపకపోతే రేపు భారతీయ సిపాయిని ఏ మొహంతో శిక్షిస్తామన్నది పైఅధికారుల లెక్క. జలియన్‌వాలాబాగ్ జరిగి అప్పటికి రెండేళ్లు కూడా కాలేదు.

1922లో రెజిమెంటే రద్దయింది. 1923లో ఖైదీలు విడుదలయ్యారు. 1936లో ఐరిష్ ప్రభుత్వం చట్టం చేసి వాళ్లకు పింఛను ఇచ్చింది. 1970లో డేలీ, స్మిత్, సియర్స్ అస్థికలు స్వదేశం చేరాయి. వాళ్లతో పాటు తిరగబడి దగ్షాయి జైల్లోనే చనిపోయిన జాన్ మిరాండా అస్థికలు వాటిలో లేవు. అతను లివర్‌పూల్‌వాడు.