నీళ్లు పల్లానికే పోతాయి, రోడ్డు పోదు: నదీ లోయల్లో, పాత అడవుల్లో సైకిల్ తొక్కడం గురించి అపోహలు - వాస్తవాలు

రోడ్డు సైకిళ్ల మీద వెళ్లే గుంపులకు దారులు గీయడం, వాళ్లతోపాటు తొక్కడం నా పని. అడవిలోంచో నది పక్క నుంచో పోయే దారి అనగానే అందరికీ ఒకే బొమ్మ కనిపిస్తుంది: చల్లటి నీడ, చదునైన రోడ్డు, పక్కన నీళ్లు. మొదట్లో నాకూ అదే కనిపించింది. ఒకసారి "నది పక్క దారే, 60 కిలోమీటర్లు, హాయిగా వెళ్లొద్దాం" అని కొందరిని బయల్దేరదీశాను. 40 కిలోమీటర్లు దాటేసరికి సగం మంది సైకిళ్లు దిగి నెట్టుకుంటున్నారు. తిరుగు దారిలో నాతో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. ఆ తర్వాతే మ్యాపు చదవడం నేర్చుకున్నాను.

అపోహ: నది పక్కన రోడ్డు కాబట్టి ఎత్తులుండవు.

వాస్తవం: లోయ ఆకారాన్ని బట్టి ఉంటుంది. లోయ వెడల్పుగా ఉంటే రోడ్డుకు నది పక్కన చోటు దొరుకుతుంది. నది కొండను నిలువుగా కోసుకుంటూ పోయిన చోట ఒడ్డున బండి పట్టే జాగా కూడా ఉండదు. అప్పుడు రోడ్డు కొండెక్కి, వంపు దాటాక మళ్లీ కిందికి దిగుతుంది. పక్కనుంచి వాగు వచ్చి కలిసే ప్రతి చోటా ఇంకోసారి దిగి ఎక్కాలి.

బ్రిటన్‌లోని వై నదీ లోయ దీనికి మంచి ఉదాహరణ. చెప్‌స్టో ఊరు, టింటర్న్ మఠం రెండూ ఆ నది ఒడ్డునే ఉన్నాయి. సముద్రపు పోటు రెండు చోట్లకూ వస్తుంది కాబట్టి నీటి మట్టంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. రోడ్డు మాత్రం చెప్‌స్టో దాటగానే ఎక్కడం మొదలుపెట్టి, సెయింట్ ఆర్వన్స్ ఊరి మీదుగా పోయి, అడవిలోంచి టింటర్న్‌కు దిగుతుంది. మధ్యలో నది రాతి గోడల మధ్య మెలికలు తిరుగుతుంది, అక్కడ రోడ్డుకు చోటు లేదు.

దీనికి పూర్తిగా వ్యతిరేకం డాన్యూబ్ నది. జర్మనీలోని పస్సావ్ నుంచి ఆస్ట్రియాలోని వియన్నా దాకా 300 కిలోమీటర్లకు పైగా ఉన్న సైకిల్ దారిలో చాలా భాగం దాదాపు చదునే. ఒకప్పుడు గుర్రాలు ఒడ్డున నడుస్తూ పడవలను లాగిన బాటల మీదే ఆ దారి చాలాచోట్ల సాగుతుంది. గుర్రం పడవను లాగాలంటే బాట నీళ్లను వదిలి పోకూడదు కదా. మూసేసిన పాత రైలు మార్గాలదీ ఇదే కథ. రైలింజను నిటారు వాలు ఎక్కలేదు కాబట్టి అవి ఎక్కువగా 2 శాతం లోపు వాలుతోనే (వంద మీటర్లకు రెండు మీటర్ల ఎత్తు) ఉంటాయి. అందుకే దారి ఎంచుకునేటప్పుడు నేను పక్కన ఏ నది ఉందని చూడను, ఈ దారిని మొదట ఎవరి కోసం వేశారని చూస్తాను.

అపోహ: మొత్తం ఎక్కాల్సింది 600 మీటర్లే, ఆమాత్రం ఎక్కలేమా?

వాస్తవం: ఆ 600 మీటర్లు ఎలా వస్తాయన్నదే అసలు విషయం. 4 శాతం వాలుతో 15 కిలోమీటర్లు ఒకే తీరున ఎక్కడం ఒకటి. 12 శాతం వాలుతో 50 మీటర్ల చొప్పున పన్నెండు సార్లు ఎక్కడం మరొకటి. మ్యాపులో కింద కనిపించే అంకె రెండింటికీ ఒకటే. ఇరుకు లోయల్లో మీకు దొరికేది రెండోదే. ఒక్కొక్కటీ సుమారు 400 మీటర్ల పొడవే కాబట్టి చూస్తే చిన్నదిలాగే ఉంటుంది, ఆవేశంగా ఎక్కేస్తాం. ఎనిమిదోది వచ్చేసరికి కాళ్లలో ఏమీ మిగలదు.

ఇక్కడ కాస్త లెక్క చెప్పుకోవాలి. మనిషి, సైకిల్ కలిపి 80 కిలోలు అనుకుందాం. 10 శాతం వాలు మీద గంటకు 6 కిలోమీటర్లతో ఎక్కడానికి సుమారు 140 వాట్లు కావాలి. అదే వాలు మీద 10 కిలోమీటర్లతో అంటే 230 వాట్లు దాటుతుంది. మామూలుగా తొక్కేవాళ్లు రోజంతా లాగగలిగేది మొదటిదే. మరి 6 కిలోమీటర్ల వేగంలో పెడల్ ఎంత తిరుగుతుంది? ముందు గేరు చక్రానికి 34 పళ్లు, వెనక దానికి 34 పళ్లు ఉంటే నిమిషానికి 47, 48 సార్లు తిరుగుతుంది, ఓపిక పడితే చాలు. ముందు 39, వెనక 25 ఉన్న పాత తరహా సైకిల్ మీద 30 సార్లే. అంటే ప్రతి తొక్కుడుకూ నిలబడి బరువంతా వేయాలి. "వెనక పెద్ద గేరు చక్రాలు బలహీనుల కోసం" అనే మాట గుంపుల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ మాట అన్నవాళ్ల మోకాళ్లను సాయంత్రం అడగాలి.

ఇంకో సంగతి: ఇరుకు లోయల్లో ఆ మొత్తం అంకెనే పూర్తిగా నమ్మలేం. దారి గీసే సాఫ్ట్‌వేర్ ఎత్తును నేల ఎత్తుల పట్టీ నుంచి తీసుకుంటుంది. రోడ్డు గీత కొన్ని మీటర్లు పక్కకు జరిగిందంటే అది కొండ గోడ ఎత్తునే రోడ్డు ఎత్తుగా లెక్కేస్తుంది. సొరంగం ఉన్న చోట మిమ్మల్ని కొండ మీద నుంచి నడిపిస్తుంది. పైగా దట్టమైన చెట్ల కింద జీపీఎస్ సంకేతం చెదిరిపోయి, తిరిగొచ్చాక గీసిన దారి తాగినవాడి నడకలా కనిపిస్తుంది.

అపోహ: ప్రాచీన అడవి అంటే అన్నీ మహావృక్షాలే.

వాస్తవం: ఇంగ్లండ్‌లో 1600 నుంచి, స్కాట్లండ్‌లో 1750 నుంచి తెంపు లేకుండా అడవిగా ఉన్న చోటును ప్రాచీన అడవి అంటారు. అందులో ఇప్పుడున్న చెట్ల వయసు లెక్కలోకి రాదు. చాలాచోట్ల శతాబ్దాలుగా చెట్లను మొదలు దాకా నరికి, మళ్లీ చిగురించనిచ్చి కట్టెలు తీసుకున్నారు. కనిపించే కొమ్మలు సన్నగా ఇరవై, ముప్పై ఏళ్లవే ఉండొచ్చు, కింద మోడు మాత్రం వందల ఏళ్లది. అసలు ప్రాచీనమైనది నేల. దున్నని ఆ మట్టి, అందులోని శిలీంధ్రాలు, గింజలు ఒకసారి పాడైతే కొత్తగా మొక్కలు నాటి తెచ్చుకోలేం. అందుకే నా గుంపును రోడ్డు అంచు గట్టు మీదికి సైకిళ్లు ఎక్కించనివ్వను, ఫొటో ఎంత బాగా వచ్చేలా ఉన్నా సరే.

అపోహ: నీడ ఉంది కాబట్టి ఎండ రోడ్డు కంటే ఇదే భద్రం.

వాస్తవం: నేను పడ్డవీ, నా కళ్ల ముందు మిగతావాళ్లు పడ్డవీ ఎక్కువగా నీడలోనే. వాన ఆగిపోయాక కూడా చెట్లు చాలాసేపు కురుస్తూనే ఉంటాయి. బయట రోడ్డు ఆరిపోయి దుమ్ము లేస్తుంటే, అడవిలోపల మలుపు ఇంకా తడిగా ఉంటుంది. బండ్ల చక్రాలు తగలని రోడ్డు మధ్య భాగంలో నాచు పెరుగుతుంది. తడి ఆకులు ఒకదాని మీద ఒకటి పరుచుకుంటే వాటి మీద టైరుకు పట్టు దొరకదు, వాటి కింద గుంత ఉందో లేదో తెలియదు. అలాంటి చోట సైకిల్‌ను వంచకూడదు. మలుపుకు ముందే, ఇంకా నిటారుగా ఉండగానే బ్రేకు వేసుకుని, మలుపులో వేళ్లను వదులుగా ఉంచాలి.

కళ్ల సంగతి చాలామందికి తట్టదు. మిట్టమధ్యాహ్నపు వెలుగులోంచి గంటకు 45 కిలోమీటర్లతో చెట్ల కిందికి దూసుకెళ్తే, కళ్లు సర్దుకునేలోపు ఎంతో దూరం గుడ్డిగా వెళ్తాం. ఆ వేగంలో ఒక్క సెకనుకు 12 మీటర్లు దాటిపోతాం. నల్ల అద్దాలుంటే ఇంకా కష్టం. వెలుగును బట్టి రంగు మారే అద్దాలు కూడా తిరిగి తేటపడడానికి నిమిషాలు పడుతుంది. నేను లేత రంగు అద్దాలే వాడతాను, వెనక లైటు పగలు కూడా వెలుగుతూనే ఉంటుంది, ఎందుకంటే కారు నడిపేవాళ్ల కళ్లూ అంతే.

చలికాలంలో మబ్బులేని రాత్రి చల్లగాలి బరువెక్కి లోయ అడుగుకు చేరుతుంది. కొండ మీద మంచు లేకపోయినా కింద వంతెన దగ్గర రోడ్డు గడ్డకట్టి ఉండొచ్చు. ఎండ తగలదు కాబట్టి మధ్యాహ్నం దాకా అలాగే ఉంటుంది కూడా.

అపోహ: సన్నటి టైరు, రాయిలా గట్టిగా గాలి కొడితేనే వేగం.

వాస్తవం: నున్నటి ట్రాక్ మీద నిజమే. వేర్లు పైకి లేపిన అడవి రోడ్డు మీద గట్టి టైరు ఎగిరెగిరి పడుతుంది. ఎగిరిన ప్రతిసారీ మీ శక్తి కుదుపుల్లో పోతుంది. 28 నుంచి 32 మిల్లీమీటర్ల టైరు, కాస్త తక్కువ గాలి చాలు. టైరు అంచును పట్టుకునే హుక్ లేని రిమ్ములైతే గాలి ఒత్తిడి 5 బార్ దాటకూడదు.

అపోహ: పోయేటప్పుడు ఎదురుగాలి వీస్తే వచ్చేటప్పుడు అదే తోస్తుంది.

వాస్తవం: కొండల మధ్య లోయల్లో, ఆకాశం తేటగా ఉన్న రోజున గాలి దిక్కు మార్చుకుంటుంది. రాత్రి చల్లబడిన గాలి పొద్దున దాకా లోయ దిగువకు జారుతుంది. ఎండెక్కాక వాలులు వేడెక్కి గాలి ఎగువకు మళ్లుతుంది, మధ్యాహ్నానికి బాగా బలం పుంజుకుంటుంది. దిగువ ఊళ్లో బయల్దేరి పొద్దున పైకి వెళ్లి, మధ్యాహ్నం తిరిగొస్తే రెండు వైపులా ఎదురుగాలే! వీలైతే ఎగువ చివర నుంచి మొదలుపెట్టండి. పొద్దున గాలితోపాటు దిగుతారు, అలసిపోయి ఎక్కేటప్పుడు గాలి వెనక నుంచి తోస్తుంది. తుపానో, పెద్ద గాలులో ఉన్న రోజున ఈ లెక్క పనిచేయదు. అలాంటి రోజు పాత చెట్ల కింద తిరగకపోవడమే మేలు.

అపోహ: గోమార్లు నడిచేవాళ్లకే పడతాయి, సైకిల్ మీద వెళ్లేవాళ్లకు కాదు.

వాస్తవం: తొక్కుతున్నంతసేపూ దాదాపు నిజమే. కానీ పంక్చర్ వేయడానికి గడ్డిలో కూర్చుంటాం కదా. యూరప్, ఉత్తర అమెరికా అడవుల్లో ఇవి కుడితే లైమ్ అనే బ్యాక్టీరియా వ్యాధి రావచ్చు. ఇంటికొచ్చాక సాక్సు అంచులు, మోకాలి వెనక, గజ్జలు చూసుకోండి. కరుచుకుని ఉంటే సన్నటి పటకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నెమ్మదిగా నేరుగా లాగండి. నూనె పోయడం, నిప్పు పెట్టడం లాంటివి చేయొద్దు. తర్వాతి వారాల్లో ఆ చోట ఎర్రటి మచ్చ పెరుగుతూ పోతుంటే డాక్టరు దగ్గరికి వెళ్లండి.