తువ్వాలు జడ

ఆదోని దగ్గర సంతెకుడ్లూరులో హోలీ పండక్కి మగవాళ్లు చీరలు కట్టుకుంటారు. నగలు పెట్టుకుని, పూలు తురుముకుని, నైవేద్యం తీసుకుని రతీమన్మథులకు మొక్కు తీర్చుకోవడానికి వెళ్తారు. మీసాలున్న పెద్దమనిషి కుచ్చిళ్లు సర్దుకుంటుంటే ఊళ్లో ఎవరూ నవ్వరు. ఆ ముచ్చట టీవీలో వస్తున్నప్పుడు ఐదేళ్ల మా అక్క కొడుకు తువ్వాలు తలకు చుట్టి, వెనక జడలా వదిలి, కొసకు రబ్బరు బ్యాండు వేసుకుని బీరువా అద్దం ముందు తిరుగుతున్నాడు. "ఏందిరా ఆ ఆడంగి ఏసాలు!" అని అవ్వ కసిరింది. నేను టీవీ వైపు చూపించాను. "వాళ్లది మొక్కు. వీనిదేం మొక్కు?" అంది.

వాడి అక్క జుట్టు పొట్టిగా కత్తిరించుకుని వీధిలో క్రికెట్ ఆడితే మాత్రం అవ్వకే మురిపెం, "మా మగరాయుడు" అని. ఆడంగి అంటే తిట్టు, మగరాయుడంటే ముద్దు. ఈ తేడా మన ఒక్కరిదే కాదు. పాశ్చాత్య దేశాల్లో కూడా చాలా ఏళ్లపాటు తల్లిదండ్రులు కంగారుపడి క్లినిక్‌లకు తీసుకొచ్చింది ఎక్కువగా మగపిల్లలనే.

అలా వచ్చిన అబ్బాయిలను అమెరికాలో రిచర్డ్ గ్రీన్ అనే మానసిక వైద్యుడు ఏళ్ల తరబడి గమనించి, 1987లో ఫలితాలు వెల్లడించాడు. చివరిదాకా అందుబాటులో ఉన్న 44 మందిలో సుమారు నాలుగింట మూడు వంతుల మంది పెద్దయ్యాక స్వలింగ లేదా ద్విలింగ ఆకర్షణ ఉన్నవాళ్లయ్యారు. లింగమార్పిడి ఆలోచన దాకా వెళ్లింది ఒక్కడే. అయితే వీళ్లు తల్లిదండ్రులకు టెన్షన్ పుట్టి డాక్టరు దగ్గరికి తెచ్చిన పిల్లలు. వీధిలో ఆడుకునే పిల్లలందరికీ ఈ లెక్క వర్తించదు.

పెద్దవాళ్లను పిలిచి "చిన్నప్పుడు ఎలా ఉండేవారు?" అని అడిగితే ఇంకో చిక్కు. ఇప్పటి మనసుతో అప్పటి జ్ఞాపకాన్ని దిద్దుకుంటాం. అందుకే 2008లో గెర్‌హార్డ్ రీగర్ బృందం ఇళ్లలో తీసుకున్న పాత వీడియోలు తెప్పించి, ఆ పిల్లలు పెద్దయ్యాక ఏమయ్యారో తెలియనివాళ్లకు చూపించింది. తర్వాత స్వలింగ ఆకర్షణ ఉన్నవాళ్లుగా ఎదిగిన పిల్లల్లో, చిన్ననాడే నడకలో, ఆటలో తేడా ఉందని చూసినవాళ్లు సగటున పట్టగలిగారు. ఇంగ్లండులో 4,500 మందికి పైగా పిల్లలపై 2017లో వచ్చిన అధ్యయనం కూడా ఐదేళ్లు నిండకముందు ఆడిన ఆటలకీ, 15 ఏళ్లప్పుడు వాళ్లు చెప్పిన ఆకర్షణకీ సంబంధం చూపించింది. ఇదంతా గుంపుల సగటు. ఒక్క పిల్లాడి జాతకం చెప్పడానికి పనికిరాదు.

మా అవ్వ సిద్ధాంతం వేరే ఉంది. ఆడోళ్ల మధ్య పెరిగితే అట్లే అయితారట. నాకు ఇక్కడే అసలు ఆసక్తి. కంజెనిటల్ అడ్రినల్ హైపర్‌ప్లాసియా అనే పుట్టు సమస్య ఉన్న ఆడపిల్లలకు, కడుపులో ఉన్నప్పుడే ఆండ్రోజన్ (మగ లక్షణాలు తెచ్చే) హార్మోన్లు ఎక్కువగా తగులుతాయి. వీళ్లు మిగతా ఆడపిల్లల కంటే కార్లు, లారీల బొమ్మల వైపు ఎక్కువ మొగ్గుతారు. తల్లిదండ్రులే అలా అలవాటు చేశారేమోనని 2005లో ఒక బృందం పరీక్షించింది. తేలింది అందుకు రివర్స్. ఆడపిల్లల బొమ్మలు పట్టుకున్నప్పుడు ఈ పిల్లలను తల్లిదండ్రులు మామూలు కూతుళ్ల కంటే ఎక్కువగానే మెచ్చుకున్నారు. అయినా వాళ్ల చేతులు లారీ మీదకే పోయాయి. వీళ్లలో చాలామంది పెద్దయ్యాక కూడా తమను ఆడవాళ్లుగానే భావిస్తారు. అంటే ఆట ఇష్టం వేరు, నేనెవరన్న భావం వేరు. పెంపకం ప్రభావం సున్నా అని కాదు, అవ్వ అనుకున్నంత లేదు.

ప్రభావం గట్టిగా కనిపించేది దెబ్బల విషయంలో. అమెరికాలో వేలమంది యువతను అడిగి 2012లో ప్రచురించిన పరిశోధనలో, చిన్నప్పుడు ఇలా తేడాగా ఉన్నవాళ్లు ఇంట్లో ఎక్కువ హింస అనుభవించారనీ, వాళ్లలో ఆ గాయాల తాలూకు మానసిక సమస్యలు ఎక్కువనీ తేలింది.

మరి డాక్టరు దగ్గరికి ఎప్పుడు? పుట్టుకతో వచ్చిన జెండర్ తనది కాదనిపించి బాధపడే సమస్యకు అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో పేరు మార్చింది. అంతకుముందు "లోపం" అన్నదాన్ని "జెండర్ డిస్ఫోరియా" అంది. పిల్లల విషయంలో ఎనిమిది లక్షణాల్లో కనీసం ఆరు, ఆరు నెలల పాటు ఉండాలి. వాటిలో తాను వేరే జెండర్ కావాలన్న బలమైన కోరిక, లేదా తాను ఆ జెండరేనన్న పట్టుదల తప్పనిసరి. దానితోపాటు బాధ గానీ, రోజువారీ బతుక్కు ఇబ్బంది గానీ ఉండాలి. బట్టలు, బొమ్మలు మాత్రమే అయితే అది రోగం కింద లెక్కే కాదు.

మావాడు ఆ రోజు అద్దం ముందు ఏమీ కోరలేదు. జడ విసిరితే మంచం దాకా పోతుందో లేదో చూస్తున్నాడు. మర్నాడు అవ్వ తువ్వాలు దాచేసింది. వాడు అక్క చున్నీ తీసుకున్నాడు.