పల్లె ఫుట్‌బాల్ క్లబ్ పునర్నిర్మాణం: అపోహలు - వాస్తవాలు

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో చిన్న పట్టణాల ఫుట్‌బాల్ క్లబ్బులను నడిపేది చాలావరకు జీతం లేకుండా పనిచేసే కమిటీలే. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మైదానంలో జట్టుకు 18 మంది చొప్పున కోలబంతితో ఆడే ఆస్ట్రేలియన్ రూల్స్ ఆట. వరుస ఓటములతో కుంగిపోయిన క్లబ్బుకు కొత్త అధ్యక్షుడు, కొత్త కమిటీ వచ్చినప్పుడు ఊరికి ఆశ కలగడం సహజం. ఆ ఆశతోపాటే బలపడే కొన్ని అపోహల గురించి, ఇలాంటి కమిటీలతో కలిసి పనిచేసే వ్యక్తిగా రాస్తున్నాను.

అపోహ: పేరున్న కోచ్‌నూ, నలుగురు మేటి ఆటగాళ్లనూ డబ్బిచ్చి తెచ్చుకుంటే క్లబ్ నిలబడుతుంది.

వాస్తవం: ఈ దారిని నిబంధనలే చాలావరకు మూసివేశాయి. విక్టోరియా స్థానిక ఫుట్‌బాల్‌లో 2016 నుంచి ఆటగాళ్ల పాయింట్ల విధానం అమలులో ఉంది, అంటే ప్రతి ఆటగాడికీ అతని నేపథ్యాన్ని బట్టి పాయింట్లు లెక్కిస్తారు. సొంత క్లబ్ జూనియర్ జట్లలో ఆడి ఎదిగినవాడికి 1 పాయింటే. పై స్థాయిలో ఆడి వచ్చినవాడికి అంతకంటే ఎక్కువ. సీనియర్ జట్టు మొత్తం పాయింట్లు క్లబ్బుకు కేటాయించిన పరిమితిని దాటకూడదు, ఆటగాళ్లకిచ్చే సొమ్ముకూ గరిష్ఠ పరిమితి ఉంది. ఐదేసి పాయింట్ల ఆటగాళ్లు నలుగురు వస్తే 20 పాయింట్లు వాళ్లకే పోతాయి. మిగిలిన స్థానాలు నింపడానికి 1 పాయింటు కుర్రాళ్లు లేకపోతే ఆ నలుగురి ప్రతిభా వృథాయే. పైగా, డబ్బు కోసమే వచ్చినవాడు డబ్బు తగ్గిన ఏడాది మరో క్లబ్బుకు వెళ్లిపోతాడు, ఆ ఖాళీని మళ్లీ డబ్బుతోనే పూడ్చాల్సి వస్తుంది.

అపోహ: సీనియర్ జట్టు గెలుపోటములే క్లబ్ ఆరోగ్యానికి కొలమానం.

వాస్తవం: నేనైతే ముందుగా రిజర్వ్స్ జట్టు, అంటే సీనియర్ జట్టుకు దిగువన అదే రోజు ఆడే రెండో జట్టు జాబితా చూస్తాను. గురువారం సాయంత్రం శిక్షణ ముగిశాక క్లబ్ గదిలో జట్లను ఎంపిక చేసేటప్పుడు, శనివారం పొద్దున అండర్-18 మ్యాచ్ ఆడాల్సిన కుర్రాళ్ల పేర్లే రిజర్వ్స్ జాబితాలోనూ కనిపిస్తున్నాయంటే, సీనియర్లు ఆ వారం గెలిచినా క్లబ్ ప్రమాదంలో ఉన్నట్టే. ఒకే రోజు రెండు మ్యాచ్‌లు ఆడి అలసిన కుర్రాడు గాయపడతాడు, లేదా విసిగి ఆట మానేస్తాడు. ఒకరిద్దరు మానేస్తే వాళ్ల స్నేహితులూ వాళ్లననుసరిస్తారు, రెండు మూడేళ్లలో సీనియర్ జట్టుకే కొరత వస్తుంది.

అపోహ: నెట్‌బాల్ (బాస్కెట్‌బాల్‌ను పోలిన, ఎక్కువగా అమ్మాయిలు ఆడే ఆట) క్లబ్బుకు అనుబంధం మాత్రమే.

వాస్తవం: ఈ క్లబ్బుల్లో అనేకం ఫుట్‌బాల్-నెట్‌బాల్ క్లబ్బులే. అక్క నెట్‌బాల్ ఆడే చోటే తమ్ముడు ఫుట్‌బాల్ ఆడతాడు. కుటుంబం వెళ్లిపోతే ఇద్దరూ వెళ్లిపోతారు. నెట్‌బాల్ కోర్టులో వెలుతురు, దుస్తులు మార్చుకునే గదులు సరిగా లేకుండా మైదానానికే నిధులన్నీ ఖర్చుచేసే కమిటీ సగం సభ్యులను దూరం చేసుకుంటున్నట్టే.

అపోహ: కొత్త నాయకత్వం పాతవాళ్లందరినీ పక్కనపెట్టి మొదలుపెట్టాలి.

వాస్తవం: లెక్కల విషయంలో మొహమాటం అక్కర్లేదు. నమోదైన సంఘాలు తమ ఆర్థిక నివేదికను వార్షిక సర్వసభ్య సమావేశంలో సభ్యుల ముందుంచాలని 2012 నాటి విక్టోరియా చట్టం చెబుతోంది, కొత్త కోశాధికారి అక్కడినుంచే పని మొదలుపెట్టాలి. అయితే మద్యం లైసెన్సు రెన్యువల్ ఎప్పుడు, మైదానం ఎవరి అధీనంలో ఉంది, ఏ స్పాన్సర్‌కు ఏ మాట ఇచ్చారు అన్న సంగతులు చాలా క్లబ్బుల్లో కాగితాల మీద కాక పాత కార్యదర్శి జ్ఞాపకంలోనే ఉంటాయి. ఎంత విభేదమున్నా ఆ మనిషిని ఒక సీజన్‌పాటు సలహాదారుగా నిలుపుకొని, ఆ వివరాలన్నీ రాతలో పెట్టించడం కొత్త అధ్యక్షుడి ప్రథమ కర్తవ్యాల్లో ఒకటని నా గట్టి అభిప్రాయం.

అపోహ: ఒక్క సీజన్‌లో ఫలితం కనబడాలి.

వాస్తవం: నేటి పద్నాలుగేళ్ల ఆటగాడు సీనియర్ జట్టుకు ఎదగడానికి నాలుగైదేళ్లు పడుతుంది, కమిటీ గడువు పెట్టుకుంటే దానికి తగ్గట్టు పెట్టుకోవాలి. సెప్టెంబరులో సీజన్ ముగిసి ఏప్రిల్‌లో తర్వాతిది మొదలయ్యేలోగా మాత్రం ఆలస్యం చేయకూడని పని ఒకటుంది: గత రెండేళ్లలో అండర్-16, అండర్-18 జట్లను వదిలి వెళ్లిన ప్రతి కుటుంబానికీ అధ్యక్షుడు స్వయంగా ఫోన్ చేసి, ఎందుకు వెళ్లారో అడిగి, చెప్పింది రాసుకుని, కోచ్ నియామకానికి ముందే దాన్ని కమిటీ ముందు పెట్టాలి.