ఖలీఫాల నాటి బట్టలు: అపోహలు - వాస్తవాలు

పాత వస్త్రాలను భద్రపరచడం నా వృత్తి. ఇస్లాం తొలి శతాబ్దాల నేత గురించి ఎక్కడ మాట్లాడినా ఈ మాటలే ఎదురవుతాయి.

అపోహ: ఇస్లాంలో పట్టు నిషిద్ధం, కాబట్టి ఆ కాలపు పట్టు ఉండదు.

వాస్తవం: ఆంక్ష మగవారికే. వారికైనా నాలుగు వేళ్ల వెడల్పు దాకా పట్టు అంచును హదీసు (ప్రవక్త మాటలు, చేతల ఉల్లేఖనం) అనుమతించింది. పట్టు పడుగు, నూలు పేకతో 'ముల్హమ్' అనే బట్ట కూడా నేశారు. దక్కను మష్రూ తెలిసినవారికి ఇది వింతేమీ కాదు: పైకి పట్టు మెరుపు, ఒంటికి తగిలేది నూలు.

అపోహ: అరబ్బీ అక్షరాలుంటే ఖురాన్ వాక్యాలే.

వాస్తవం: 'తిరాజ్' అనే, అక్షరాలున్న బట్ట పట్టీల మీద తరచుగా ఉండేది బిస్మిల్లా, ఖలీఫా పేరు, ఆయనకు దీవెన, ఒక్కోసారి కార్ఖానా ఉన్న ఊరు, సంవత్సరం. ఫ్రాన్స్‌లోని ఆప్ట్‌లో సెయింట్ ఆన్ మేలిముసుగుగా భక్తులు కొలిచిన గుడ్డను నేసింది ఈజిప్టులోని దమియెట్టాలో, 1096-97లో, ఫాతిమీ వంశపు ఖలీఫా అల్ ముస్తాలీ పేరిట!

అక్షరాలు చెరిగిపోతే పోగునే అడగాలి. ఈజిప్టు నారపోగును భూతద్దం కింద పెడితే పురి గీతలు 'ఎస్' అక్షరం నడుములా వాలి కనిపిస్తాయి. ఇరాక్, ఇరాన్ నూలుపోగులో ఆ వాలు తిరగబడి 'జెడ్' అవుతుంది. ఇలాంటి ముక్కలు చాలావరకు సమాధుల్లో దొరికినవే. వాటి మీది గోధుమరంగు మరకలు చూసి "శుభ్రంగా ఉతకకూడదా?" అంటారు. నేను ఉతకను. ఆ గుడ్డ ఎవరినో చుట్టి మట్టిలోకి వెళ్లిందనడానికి మిగిలిన ఆనవాలు ఆ మరకే.

అపోహ: ఇస్లామిక్ కళలో ప్రాణుల బొమ్మలుండవు.

వాస్తవం: పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్న 'సెయింట్ జోస్ పట్టు' అనే గుడ్డ మీద ఏనుగులు, ఒంటెల బారు ఉన్నాయి. దాని మీద పేరున్న ఖొరాసాన్ (ఇరాన్ తూర్పు ప్రాంతం) సేనాని 961లో మరణశిక్షకు గురయ్యాడు. అందుకే దాన్ని అంతకు ముందు నేసి ఉంటారని లెక్క కట్టారు.

అపోహ: మ్యూజియంలో ఉందంటే అసలుదే.

వాస్తవం: 1925లో ఇరాన్‌లోని రయ్ దగ్గర సమాధుల్లో బువాయిహీ రాజవంశం కాలపు పట్టు బయటపడిందన్నాక, అదే పేరుతో ఎన్నో ముక్కలు అమ్ముడయ్యాయి. వాటిని పెద్ద పెద్ద మ్యూజియంలే కొన్నాయి. కార్బన్ పరీక్షలు చేస్తే వాటిలో చాలావరకు ఆధునికమైనవని తేలింది.

అపోహ: మా ఇంటి తివాచీ వెయ్యేళ్లనాటిది.

వాస్తవం: ఆ కాలపు తివాచీల్లో మనకు మిగిలినవి ముక్కలే, అవీ ఎక్కువగా కైరో పక్కనున్న ఫుస్తాత్‌లో దొరికినవి. జగత్ప్రసిద్ధమైన అర్దబీల్ తివాచీ వయసే ఐదు వందల ఏళ్లకు లోపు. ఎవరైనా తివాచీ తెస్తే ముందు తిరగేసి చూస్తాను. మొన్న వచ్చిన 'వెయ్యేళ్ల' తివాచీకి కుచ్చులు కుట్టు మిషను మీద కుట్టి ఉన్నాయి.