కంట్రోల్-జెడ్ ఏ మీటలో ఉంది?

కీబోర్డుకు అక్షరాలు తెలియవు. మీట నొక్కగానే కంప్యూటర్‌కి వెళ్ళేది ఒక సంఖ్య, ఫలానా చోటున్న మీట కదిలిందని చెప్పడానికి. అది ఏ అక్షరమో తేల్చేది మనం ఎంచుకున్న లేఅవుట్. టైపు చేసేవాళ్ళకు ఈ సంగతి అక్కర్లేదు. షార్ట్‌కట్లు రాసే ప్రోగ్రామర్‌కే చిక్కు: చోటు చూడాలా, అక్షరం చూడాలా?

బ్రౌజర్ రెండూ అందిస్తుంది. వెబ్ పేజీల ప్రోగ్రామింగ్ భాష జావాస్క్రిప్ట్‌లో 'కీ' అక్షరాన్ని చెబుతుంది, 'కోడ్' చోటును చెబుతుంది. ఆ చోట్లకు పేర్లు మాత్రం అమెరికన్ కీబోర్డువే. జర్మన్ కీబోర్డు మీద జెడ్, వై తారుమారుగా ఉంటాయి. చోటును నమ్మిన ఎడిటర్‌లో జర్మనీ మనిషి అన్‌డూ (చేసినదాన్ని వెనక్కి తీసుకోవడం) కోసం కంట్రోల్-జెడ్ నొక్కితే ప్రోగ్రాముకు చేరేది కంట్రోల్-వై, అంటే చాలాచోట్ల దానికి సరిగ్గా వ్యతిరేకమైన రీడూ!

పోనీ, అక్షరాన్నే నమ్ముదామా? భారతీయ లిపుల కోసం చేసిన మన ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్‌లో కె మీట మీద 'క' ఉంటుంది. లింకు పెట్టడానికి కంట్రోల్-కె అని నేర్పిన వెబ్ యాప్‌కు, తెలుగు టైపు చేస్తున్నవారి నుంచి అందేది 'క' కావచ్చు. మనకు రెండూ ఒకే శబ్దం. యాప్ మాత్రం కిమ్మనదు. రష్యన్, గ్రీకు వాళ్ళదీ ఇదే బాధ.

ఆటల్లో ఈ గొడవ లేదు. కదలడానికి వాడే డబ్ల్యూ, ఎ, ఎస్, డి మీటలు వేళ్ళకు అమరిన చోటు కోసమే. ఫ్రెంచివాళ్ళ అజర్టీ లేఅవుట్‌లో అదే చోట జెడ్, క్యూ, ఎస్, డి ఉంటాయి, కాబట్టి కోడ్ వాడితే చాలు.

అసలు తంటా కుడివైపు ఆల్ట్‌తో. పోలిష్‌లో 'శ్' లాంటి ధ్వనికి ఎస్ మీద గీత పెట్టిన అక్షరం ఉంది; దాన్ని కుడి ఆల్ట్‌తో ఎస్ నొక్కి రాస్తారు. విండోస్ ఆ ఆల్ట్‌ను కంట్రోల్, ఆల్ట్ కలిపి నొక్కినట్టు చూపిస్తుంది. వ్యాసాలు రాసి ప్రచురించే మీడియం సైటు తన ఎడిటర్‌లో బ్రౌజర్ సేవ్ పెట్టె రాకుండా కంట్రోల్-ఎస్‌ను మింగేసేది. ఆల్ట్ కూడా ఉందేమో చూడలేదు. దాంతో ఆ ఒక్క అక్షరం పోలిష్ రచయితలకు పడకుండా పోయింది.

నా మటుకు నేను మొదట 'కీ' చూస్తాను. అది ఎ నుంచి జెడ్ లోపు అక్షరమైతే దాని మాటే చెల్లుతుంది. కాకపోతేనే 'కోడ్'ను అడుగుతాను. గుర్తులను షార్ట్‌కట్లుగా పెట్టను. చదరపు బ్రాకెట్‌కు జర్మన్ కీబోర్డులో కుడి ఆల్ట్‌తో 8 నొక్కాలి, దానికి మళ్ళీ కంట్రోల్ తోడంటే వేళ్ళు చాలవు. ఇంత చేసినా, అక్షరాలను వేరే వరసలో పేర్చిన డ్వొరాక్ లేఅవుట్ వాడేవాళ్ళలో కొందరికి కాపీ, పేస్టు మామూలు (క్వెర్టీ) కీబోర్డులోని పాత చోట్లలోనే కావాలి. మ్యాక్‌లో అందుకని ప్రత్యేకంగా ఒక లేఅవుటే ఉంది. షార్ట్‌కట్లు మార్చుకునే వీలును సెట్టింగుల్లో పెట్టక తప్పదు.