టేబుల్‌లో టేబుల్: అపోహలు - వాస్తవాలు

ఐఫోన్ యాప్‌లో జాబితా చూపించేది టేబుల్ వ్యూ, దాంట్లో ఒక్కో వరుస ఒక సెల్. ఆ సెల్‌లో ఇంకో టేబుల్ వ్యూ పెట్టే గొడవ ఈ నెలలో ఇది నాలుగోసారి. ఎవరో ఒక జూనియర్ లాప్‌టాప్ పట్టుకుని వస్తాడు, "అన్నా, సెల్ లోపల టేబుల్ వ్యూ పెట్టా, హైట్ సున్నా వస్తోంది, నా కన్‌స్ట్రెయింట్స్‌లోనే, అంటే సైజు రూల్స్‌లోనే, ఏదో తప్పుంది" అని మొహం వేలాడేసుకుని. నీ తప్పేం లేదు తమ్ముడూ. ఐఓఎస్ 8లో సెల్ ఎత్తు తనే లెక్కేసుకునే ఆటోమేటిక్ డైమెన్షన్ వచ్చింది కదా, ఎత్తులన్నీ అదే చూసుకుంటుంది అనుకోవడమే అపోహ. లేబుల్ తన సైజు తనే చెప్తుంది కాబట్టి అక్కడ పనిచేస్తుంది. టేబుల్ వ్యూ అంటే స్క్రోల్ వ్యూనే, లోపల ఎంత సరుకున్నా నా ఎత్తు ఇదీ అని, రూల్స్‌ని బట్టి సైజులు లెక్కేసే ఆటోలేఅవుట్‌కి చెప్పదు.

కొంప ముంచేది మాత్రం దీనికి అందరూ కాపీ కొట్టే మందు. టేబుల్ వ్యూకి సబ్‌క్లాస్ రాసి, ఇంట్రిన్సిక్ కంటెంట్ సైజ్‌లో (వ్యూ తన సైజు చెప్పుకునే చోటు) కంటెంట్ సైజ్ (లోపలి సరుకు మొత్తం సైజు) రిటర్న్ చేసి, స్క్రోలింగ్ ఆఫ్ చేస్తే అయిపోయింది అంటారు. స్క్రీన్ మీద బానే కనిపిస్తుంది, అక్కడే మోసపోతాం. టేబుల్ ఎత్తు మొత్తం కంటెంట్ అంత అయ్యాక దాని లెక్కలో రోస్ (వరుసలు) అన్నీ కనిపిస్తున్నట్టే, అన్ని సెల్స్‌నీ ఒకేసారి తయారుచేసి కూర్చుంటుంది. పదీ పన్నెండు సెల్స్‌నే తిప్పితిప్పి వాడుకోడానికి కదా టేబుల్ వ్యూ పెట్టుకునేది, ఆ రీయూజే పోయింది.

నేనూ ఈ గోతిలో పడ్డవాణ్నే. పాత కంపెనీలో ఆర్డర్ల స్క్రీన్, ఒక్కో ఆర్డర్ సెల్‌లో ఐటమ్స్ టేబుల్. టెస్ట్ డేటాలో ఆర్డర్‌కి మూడు ఐటమ్స్, వెన్నలా జారింది. రిలీజయ్యాక ఎవరో పెళ్లి కేటరింగ్ ఆర్డర్ పెట్టారు, 180 ఐటమ్స్, స్క్రోల్ చేస్తూ అక్కడికి రాగానే ఫోన్ బిగుసుకుపోయేది. రెండ్రోజులు ఇమేజ్ లోడింగ్‌ని తిట్టుకుంటూ కూర్చున్నా.

చివరికి లోపలి టేబుల్ పీకేశా. ఆర్డర్ ఒక సెక్షన్, దాని వివరాలు హెడర్, ఐటమ్స్ రోస్, అంతే. ఆర్డర్ వివరాలు మూసినప్పుడు ఆ సెక్షన్‌కి రోస్ సున్నా. లోపల అడ్డంగా స్క్రోల్ కావాలంటే ఐఓఎస్ 13 నుంచి కలెక్షన్ వ్యూలో (గళ్లుగా కూడా పేర్చగల జాబితా) ఒక్కో సెక్షన్‌ని ఒక్కోలా పేర్చే కంపోజిషనల్ లేఅవుట్ ఉంది. ఎప్పుడూ నాలుగైదు రోసే ఉంటాయా, వాటిని వరసగా పేర్చే స్టాక్ వ్యూ చాలు.

మిగతావి గబగబా. టేబుల్‌ని మళ్లీ నింపే రీలోడ్ డేటా పిలిచిన మరుక్షణం కంటెంట్ సైజ్ అడిగితే పాత లెక్కే రావచ్చు, ముందు లెక్క అప్పటికప్పుడు చేయించే లేఅవుట్ ఇఫ్ నీడెడ్ పిలవాలి, అయినా ఐఓఎస్ 11 నుంచి ఎస్టిమేటెడ్ హైట్స్ (అంచనా ఎత్తులు) డీఫాల్ట్‌గా ఆన్ కాబట్టి ఇంకా చూపించని రోస్‌కి వచ్చేది అంచనానే. సైజ్ అడిగే ముందు 0.1 సెకను డిలే పెట్టడం ఫిక్స్ కాదు, పాత ఫోన్‌లో మళ్లీ దొరికిపోతారు. ఐఓఎస్ 16లో సెల్స్ వాటంతటవే రీసైజ్ అవుతాయి, నిజమే, పోయిన రీయూజ్ మాత్రం తిరిగిరాదు. టేబుల్ వ్యూని డిప్రికేట్ చేసేశారట, అంటే ఇక వాడొద్దన్నారట, అని ఎవడో పుట్టించిన పుకారు, అలాంటిదేం లేదు, డాక్యుమెంటేషన్ ఓసారి తెరవండయ్యా. ఫ్లటర్‌లో (గూగుల్ యాప్ టూల్‌కిట్) యాప్స్ రాసేవాళ్లు నవ్వకండి, జాబితాని కంటెంట్ అంత ఎత్తు చేసే మీ ష్రింక్ ర్యాప్‌దీ ఇదే కథ.