కిచెన్ షట్టర్లు, హ్యాండిల్స్, బందులు: బరంపురం ఇళ్లలో నాకు రోజూ వినపడే అపోహలు

బరంపురంలో, గోపాల్‌పూర్ దారిలో మన తెలుగువాళ్ల ఇళ్లకి కిచెన్, వార్డ్‌రోబ్ ఫిట్టింగ్స్ మార్చడమే నా పని. ఎక్కడికెళ్లినా ఇవే మాటలు, జనం అనవసరంగా డబ్బులు పోసేస్తున్నారు, అందుకే రాస్తున్నా.

అపోహ: కిచెన్ పాతదైపోయింది, షట్టర్లన్నీ పీకించేయాలి.

నిజం: ముందు షట్టర్ కింద అంచుని గోరుతో నొక్కి చూడండి. ప్లై ఉబ్బకుండా, పొరలు విడిపోకుండా గట్టిగా ఉంటే దాన్ని పారేయక్కర్లేదు, హ్యాండిల్స్ మారిస్తేనే సగం కళ వచ్చేస్తుంది. షట్టర్ వాలిపోయి పక్కదానికి రాసుకుంటోందా? బందు పోయిందని అప్పుడే అనుకోకండి. తలుపు తెరిచి చూస్తే బందు చెయ్యి మీద రెండు స్క్రూలు కనపడతాయి, మామూలు రకాల్లో ముందుది తిప్పితే షట్టర్ పక్కకి జరుగుతుంది, వెనకది వదులు చేస్తే లోపలికీ బయటికీ సర్దుకోవచ్చు, చాలాసార్లు ఒక్క స్క్రూడ్రైవర్‌తో అయిపోయే పని అది.

అపోహ: అయస్కాంతం అంటుకోలేదంటే అది 304 స్టీలే (స్టెయిన్‌లెస్ స్టీల్లో ఒక మంచి గ్రేడు).

ఇది మాత్రం గట్టిగా చెప్పాలి. 202 అనే చవక గ్రేడు స్టీలు కూడా మామూలుగా అంటుకోదు, జింక్ అలాయ్ మీద క్రోమ్ పూత వేసిందీ అంటుకోదు, కాబట్టి ఆ పరీక్షతో ఇనుము కాదని తెలుస్తుంది గానీ గ్రేడు తెలీదు. 304లో క్రోమియం సుమారు 18 శాతం, నికెల్ 8 శాతం ఉంటాయి, 202లో నికెల్ తగ్గించి మాంగనీస్ కలుపుతారు, అందుకే చవక, అందుకే మన ఉప్పుగాలికి తొందరగా మచ్చలు పడుతుంది. సముద్రానికి బాగా దగ్గరున్న ఇళ్లకైతే మాలిబ్డినం కలిసిన 316 దొరికితే అదే తీసుకోండి, రేటు ఎక్కువే. అసలు 304కి కూడా గోధుమరంగు మచ్చలు వస్తాయి, తడిగుడ్డతో ఉప్పు తుడిచి వెంటనే పొడిగుడ్డ వేస్తే చాలావరకు ఆగుతాయి. ఇంకోటి, బాత్రూం కడిగే యాసిడ్ సీసా సింక్ కింద పెట్టకండి అమ్మా, ఆ ఆవిరే లోపలి బందుల్ని తినేస్తుంది.

ఇత్తడి తుప్పు పడుతుందంటారు. పట్టదు, నల్లబడుతుంది, చిలుము పడుతుంది, అంతే. తాతలనాటి టేకు బీరువాకి అసలు ఇత్తడి పిడులుంటే దయచేసి పారేయకండి, చింతపండు పెట్టి తోమితే మెరుస్తాయి. కొత్తగా కొన్న లాకర్ (వార్నిష్ లాంటి పారదర్శక) పూత ఇత్తడికి మాత్రం చింతపండు, పీచు రెండూ వద్దు, పూత లేచిపోతుంది.

అపోహ: ఏ హ్యాండిలైనా పాత బెజ్జాలకి సరిపోతుంది.

నిజం: కొలవాల్సింది హ్యాండిల్ పొడవు కాదు, ఒక స్క్రూ బెజ్జం మధ్య నుంచి రెండోదాని మధ్యకి. 96, 128, 160, 192 మిల్లీమీటర్లు ఇలా 32 లెక్కన వస్తాయి ఎక్కువగా. 4 అంగుళాలంటే 101.6, దానికి 96ది తెస్తే ఐదున్నర మిల్లీమీటర్లు తేడా, బెజ్జం పెద్దది చేస్తే హ్యాండిల్ ఊగుతుంది. పాత హ్యాండిల్ ఒకటి విప్పి షాపుకి పట్టుకెళ్లండి. కొలత కుదరకపోతే ఒక పాత బెజ్జం వాడుకుని రెండోది కొత్తగా వేయించండి, మిగిలిన బెజ్జాన్ని కప్పేసే వెనక పలక ఉన్న మోడల్ చూస్తే పనైపోతుంది.

సాఫ్ట్ క్లోజ్, అంటే షట్టర్ చప్పుడు లేకుండా మెల్లగా మూసుకోవడం, కావాలంటే బందులన్నీ మార్చక్కర్లేదు, ఆ వేగం తగ్గించే డ్యాంపర్లు విడిగా దొరుకుతాయి, క్యాబినెట్ లోపల బిగించుకోవచ్చు. బందులే మారుస్తుంటే మాత్రం 0 క్రాంకా, 8 క్రాంకా, 16 క్రాంకా (క్రాంక్ అంటే బందు చెయ్యికి ఉండే వంపు) అన్నది పాతది చూపించి అడగండి, అది తప్పితే షట్టర్ సరిగ్గా మూసుకోదు.